ఏనుగు తొండంలోకి పాము: శ్రీకాళహస్తి కలంకారీ షెడ్డులో ఒక కేసు

2023 నవంబరులో, కార్తీక మాసం మొదలైన వారానికి, నా ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. మా షెడ్డులో మిషన్ ముందు కూర్చుని భాయ్ బట్ట కుడుతున్నాడు. బట్ట మీద వినాయకుడి తొండం సగం కనిపిస్తోంది. ఫొటో కింద రెండు లైన్లు: "దేవుడి బొమ్మల బట్టలు ఎవరు కుడుతున్నారో చూడండి. ఇలాంటి వాళ్ల దగ్గర కొనకండి." నాకు పంపింది తిరుపతిలో మా సరుకు తీసుకునే షాపు ఆయన. ఆయనకు ఎవరో పంపారు, వాళ్లకు ఇంకెవరో. ఆ సాయంత్రమే 30 దుపట్టాలు, 12 కుర్తాల ఆర్డరు వద్దని మెసేజ్ పెట్టాడు.

ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఎడమ అంచున కరక్కాయ నీళ్లు కలిపే నీలం డ్రమ్ము మూత ఉంది. దాని వెనకాల కిటికీ ఊచ. ఆ రెండూ ఒకే వరసలో కనిపించే చోటు షెడ్డులో ఒక్కటే. అక్కడ కూర్చునేది చిన్నోడు.

చేతిపని చేయించే యూనిట్లు నడిపేవాళ్లకు, ఫ్యాషన్ డిజైన్ చెప్పే టీచర్లకు ఇది పనికొస్తుందని రాస్తున్నాను. మనందరి దగ్గరా 20 ఏళ్ల పిల్లలు పనిచేస్తున్నారు, అందరి చేతిలోనూ ఫోన్ ఉంది. ద్వేషం నూరిపోసే గ్రూపులు మన షెడ్డు దాకా రావని అనుకోవద్దు. ఎవరి పేర్లూ రాయడం లేదు. చిన్నోడు, భాయ్, అమ్మాయి. షెడ్డులో మేం పిలుచుకునేదీ ఇట్లాగే.

మాది శ్రీకాళహస్తి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. ఆ ఫొటో వచ్చేనాటికి నా దగ్గర 11 మంది ఉన్నారు: గీసేవాళ్లు, రంగులు నింపేవాళ్లు, ఉడికించి ఉతికేవాళ్లు, కుట్టడానికి భాయ్. ఆయన 19 ఏళ్లుగా నాతో ఉన్నాడు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. చిన్నోడు వచ్చి రెండేళ్లు అయింది. డిగ్రీ మధ్యలో మానేశాడు, వాళ్ల నాన్న ఆటో తోలుతాడు. వాడి చేతిలో గీత ఉంది. వెదురు కలాన్ని నిలువుగా పట్టుకుని, పైన చుట్టిన ఉన్నిని బొటనవేలితో నొక్కుతూ, మూరెడు గీతను ఎక్కడా ఆపకుండా లాగుతాడు. అది నేర్పిస్తే వచ్చేది కాదు. అట్లాంటి పిల్లాడు దొరికితే పదేళ్ల తర్వాత ఈ పని ఎవరి చేతుల్లో ఉంటుందన్న దిగులు కొంచెం తగ్గుతుంది.

కలంకారీ తెలియనివాళ్ల కోసం ఒక్క సంగతి చెప్పాలి, ఈ కేసుకు అది అవసరం. మేం ఎరుపు రంగును నేరుగా పూయం. బట్టను ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ వేసుకుంటాం. ఇనుప తుక్కు, బెల్లం కుండలో వారాల తరబడి పులియబెట్టిన కసిం నీళ్లతో గీత గీస్తాం, కరక్కాయ తగిలి అది నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పెడతాం. పటిక ఆరిపోయాక అక్కడేమన్నా ఉందని కూడా చెప్పలేం. ఒకరోజు ఆగి, పారే నీళ్లలో జాడించి, చెట్ల వేర్లు చెక్కలతో కాచిన ఎర్రనీళ్లలో వేసి ఉడికించినప్పుడు, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది.

చిన్నోడి విషయంలో నాకు కనిపించింది ఉడికిన తర్వాతి ఎరుపు. పటిక ఎప్పుడు పెట్టారో నేను చూసుకోలేదు. వెనక్కి ఆలోచిస్తే గుర్తులు ఉన్నాయి. అంతకు నాలుగు నెలల ముందు నుంచి వాడు భోజనం డబ్బా తీసుకుని బయట వేపచెట్టు కిందికి పోయేవాడు. "లోపల ఉక్కగా ఉండాది అక్కా" అనేవాడు. భాయ్ అందించిన టీ గ్లాసు కింద పెట్టించుకుని తీసుకునేవాడు. ఒకరోజు, "కలం అనేది మన మాట కాదంట కదా, పేరు మార్చాల" అన్నాడు. ఏదో చదివి ఉంటాడులే అనుకుని, ఎక్కడ చదివావని కూడా అడగలేదు.

ఫొటో వచ్చిన మర్నాడు నేను చేసిన పని ఎవరూ చేయకండి. పది మంది ముందర నిలబెట్టి అరిచాను. ఫోన్ లాక్కున్నాను. తిండి పెట్టే చోటుకి నిప్పు పెడతావా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది, ఉపన్యాసం కూడా ఇచ్చాను. తిరుమల ఏడుకొండలవాడికి బీబీ నాంచారి అనే ముస్లిం భార్య ఉందని మనవాళ్లే చెప్పుకుంటారు కదా అన్నాను. మంగళవారం అష్టదళ పాద పద్మారాధనలో స్వామి పాదాల దగ్గర పెట్టే 108 బంగారు పద్మాలు గుంటూరు ముస్లిం భక్తుడు ఇచ్చినవి అన్నాను. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి దండం పెట్టుకుని పోతారు కదా అన్నాను. మన పెద్దలు ఈ పనిని వ్రాతపని అనేవాళ్లు, కలం పారసీ నుంచి వచ్చిన మాటే, మరి నీ చొక్కాకున్న జేబు, నీ చేతిలో రుమాలు, సన్మానానికి కప్పే శాలువా, ఆ మాటలన్నీ తీసేస్తావా అన్నాను.

అన్నీ నిజాలే. ఒక్కటీ వాడి చెవికి ఎక్కలేదు. ఒక్కోదానికి వాడి దగ్గర జవాబు తయారుగా ఉంది. నేను చెప్పబోయేవి వాడున్న ఫోన్ గ్రూపువాళ్లు వాడికి ముందే చెప్పి, ఏమని తిప్పికొట్టాలో కూడా నేర్పించారు. పైగా అందరి ముందర తల వంచుకుని నిలబడిన పిల్లాడి చెవిలోకి ఏ నిజం పోతుంది? ఫోన్ బల్ల మీద నుంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆ గ్రూపులో వాడు హీరో. "ధర్మం కోసం ఉద్యోగం వదులుకున్న తమ్ముడు" అని రాశారట. ఇంతకుముందు వాడి గురించి అంత గొప్పగా ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

వారం తర్వాత వాళ్లమ్మ వచ్చింది. గడప దగ్గరే కూర్చుంది. "అమ్మా, వాడు రాత్రి రెండింటి దాకా మేలుకోనే ఉంటాడు. ఎవరో అన్నంట, రోజూ ఫోన్ చేస్తాడు. తిన్నావా తమ్ముడూ అంటాడు. బండి పెట్రోలుకి డబ్బులు కూడా ఏసినాడు. మా ఇంట్లో వాణ్ని తిన్నావా అని అడిగే తీరిక ఎవురికుండాది చెప్పు" అంది. అదే మాట మళ్లీ మళ్లీ గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాణ్ని అటు లాగింది సిద్ధాంతం అనుకుంటూ సిద్ధాంతంతో కొట్లాడాను. మొదట లాగింది ఆ పలకరింపు. షెడ్డులో రెండేళ్లలో నేను వాణ్ని అడిగిందల్లా, "బొమ్మ ఎంతవరకు వచ్చింది?"

ఇంతలో బెదిరింపు ఫోన్లు రెండు వచ్చాయి. ఒకటి నాకు, ఒకటి భాయ్ కొడుక్కి. వాటి విషయంలో మాత్రం నేను ఆలోచిస్తూ కూర్చోలేదు. నంబర్లు రాసుకుని, ఫొటో ప్రింటు తీసి, పోలీసులకు కాగితం ఇచ్చాను. ఈ కేసు చదివి బొమ్మలు గీయిస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరూ అనుకోకూడదు. మనిషి ఒంటికి ప్రమాదం ఉన్నప్పుడు మొదట చేయాల్సింది ఆ మనిషిని కాపాడటం. కళ, కుట్టు ఆ తర్వాతే.

డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపాను వచ్చింది. రెండు రోజులు వాన తెరిపివ్వలేదు. రాత్రి ఎనిమిదింటికి షెడ్డులోకి నీళ్లు వస్తున్నాయని ఫోన్ వస్తే పరిగెత్తాను. కరెంటు లేదు. టార్చి వేస్తే మోకాళ్ల కింద దాకా నీళ్లు. లోపల ఎవరో బట్టల మూటలు అటక మీదికి ఎక్కిస్తున్నారు. చిన్నోడు. పిలవకుండానే వచ్చాడు. వాడు మూడు నెలలు కూర్చుని గీసిన గోడబట్ట ఒకటి కింది అరలో ఉంది, దానికోసం వచ్చాడు. కానీ దాన్ని ఎక్కించి వెళ్లిపోలేదు, మిగతావీ ఎక్కించాడు. కాసేపటికి లుంగీ ఎగగట్టుకుని భాయ్ కూడా వచ్చాడు. కింద నుంచి భాయ్ అందించడం, పైన వాడు అందుకోవడం. ఒక్క మాట లేదు. టీ గ్లాసును చేత్తో అందుకోని వాడు ఆ రాత్రి యాభై మూటలు ఆ చేతుల్లోంచే అందుకున్నాడు.

పొద్దున్నే, "సోమవారం నుంచి రా" అన్నాను. క్షమాపణ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఇక్కడ నా రెండో తప్పు ఉంది. వాణ్ని మళ్లీ తీసుకుంటున్నానని భాయ్‌ని అడగలేదు. పెద్దమనిషి, అర్థం చేసుకుంటాడులే అనుకున్నాను. రెండు నెలల తర్వాత ఆయన కోడలు చెప్పింది: వాడు తిరిగి వచ్చిన మొదటి వారం మామయ్య రాత్రిళ్లు నిద్రపోలేదు, పనికి పోయేటప్పుడు ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయేవాడు, మళ్లీ ఎవరన్నా ఫొటో పంపిస్తే చూడాల్సి వస్తుందని. దెబ్బ తిన్నవాడి ఓర్పును మన ఇష్టానికి వాడుకునే హక్కు మనకు లేదు. ముందు ఆయన ఇంటికి పోయి, ఆయన ఒప్పుకుంటేనే పిల్లాణ్ని పిలవాల్సింది. ఆయన వద్దంటే అది కూడా న్యాయమే.

తర్వాత మార్చినవి రెండే. పని జరిగేంతసేపూ ఫోన్లన్నీ ఒక వెదురు బుట్టలో, నాది మొదట. రెండోది పని వరస.

అప్పటిదాకా మా పద్ధతి ఇది: గీసేవాళ్లు తానుల్లెక్కన గీస్తారు, రంగులన్నీ అయ్యాక ఆ బట్ట భాయ్ దగ్గరికి పోతుంది, ఆయన కత్తిరించి కుడతాడు. గీసినవాడికి కుట్టేవాడితో మాటే అక్కర్లేదు. రెండేళ్లు ఒకే కప్పు కింద ఉండి వాళ్లిద్దరూ మాట్లాడుకోకుండా గడిచిపోయింది అందుకే. దాన్ని తిరగేశాను. చేతుల్లేని వెయిస్ట్‌కోట్లు 18 కుట్టాలని పెట్టుకున్నాను, ఆడా మగా ఎవరైనా వేసుకునేవి. ముందు భాయ్ తెల్లబట్ట మీద కోటు ముక్కల కొలతలు వేస్తాడు: వీపు, ముందు రెండు భాగాలు, చంక వంపు, కుట్టు లోపలికి పోయే అంచు. ఆ గీతల లోపల బొమ్మ ఎట్లా కూర్చుంటుందో గీసేవాడు ఆయన పక్కన కూర్చుని మాట్లాడుకోవాలి. ఫ్యాషన్ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. మా షెడ్డుకు కొత్త.

బొమ్మ ఏదన్నది నేనే చెప్పాను. మా ఊరి కథ. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. పాము రోజూ మణులు తెచ్చి లింగానికి పెట్టేది. ఏనుగు వచ్చి అవి మైల అనుకుని నెట్టేసి, స్వర్ణముఖి నీళ్లు తొండంతో తెచ్చి కడిగి, మారేడు ఆకులు పెట్టేది. పాము వచ్చి, నా పూజ ఎవరో చెడగొట్టారని ఆకులు తోసేసేది. ఒకరోజు పాము ఆకుల్లో దాక్కుని ఏనుగు తొండంలో దూరింది. ఏనుగు ఆ బాధకు తల రాతికేసి కొట్టుకుంది. రెండూ చచ్చిపోయాయి. శివుడు ఇద్దరి పేర్లూ తన పేరులో కలుపుకున్నాడు.

ఈ కథ ఎందుకు ఎంచుకున్నానో వాడికి చెప్పలేదు. నీతి చెప్పడం అప్పటికే ఒకసారి అయిపోయింది. దాని సంగతి మా యూనిట్లో ఇంకోలా కూడా తెలుసు: చాలా ఏళ్ల కిందట "మనమంతా ఒకటే" అని రాసి కుర్తాలు వేశాం. మెచ్చుకున్నవాళ్లే గానీ కొన్నవాళ్లు లేరు. కొన్నవాళ్లు కూడా ముందే ఆ మాట నమ్మేవాళ్లు.

మొదటి మూడు వారాలు చిన్నోడు భాయ్ పక్కన కూర్చుని బట్టతోనే మాట్లాడాడు. ఆయన గీత వేస్తే వీడు తల ఊపడం, అంతే. తర్వాత ఒక మధ్యాహ్నం వీపు ముక్క మీద బొగ్గుతో ఏనుగును వేశాడు. తొండం కిందికి దిగి, నడి వీపు దగ్గర మెలిక తిరిగి, అక్కడ పాము లోపలికి దూరుతోంది. చాలా బాగా వచ్చింది. భాయ్ కళ్లజోడు పైకి తోసి వంగి చూశాడు. చూపుడువేలి గోటితో నడి వీపు మీద పైనుంచి కిందికి ఒక గీటు గీశాడు.

"ఈడ కుట్టొస్తాది నాయినా. పాము రెండు ముక్కలైపోతాది."

చిన్నోడు చాలాసేపు చూసి, "అట్లయితే యాడ పెట్టాల?" అన్నాడు.

మూడు వారాల్లో వాడు ఆయనతో అన్న మొదటి మాట అదే. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి బొగ్గు చెరిపి, గీసి, మళ్లీ చెరిపారు. తొండాన్ని ఎడమ భుజం వైపు తిప్పితే పాము కుట్టుకు దూరంగా పోతుందని తేలింది. అప్పుడు భాయ్ అడిగాడు, "పాముకి అంత కోపం ఎందుకొచ్చె?" వీడు కథ మొదలుపెట్టాడు. రెండు ముక్కలు చెప్పేసరికి ఆయన నవ్వి, "ఈ ఊళ్లో పుట్టినోడికి ఈ కథ తెలీదనుకుంటివా? చిన్నప్పుడు శివరాత్రి తిరునాళ్లలో మా నాయన భుజం మీద కూర్చోని విన్నా. నేను అడిగేది నువ్వు ఏమనుకుంటా ఉండావని" అన్నాడు. చిన్నోడు జవాబు చెప్పలేదు. ఏనుగు కన్ను గీయడం మొదలుపెట్టాడు. ఆ రోజు వాడు మారిపోయాడని నేను చెప్పను. ఆ రోజు టీ గ్లాసు కూడా కిందే పెట్టించుకున్నాడు.

వాణ్ని నిజంగా కదిలించింది నాకు తెలిసినంతలో ఇంకోటి, అది నేను పెట్టిన ప్లానులో లేదు. మా యూనిట్‌లో ఒక కట్టుబాటు ఉంది: దేవుడి బొమ్మ నడుము కిందికి రాకూడదు, కూర్చునే చోటికి రాకూడదు. భక్తి ఉన్నవాళ్ల మనసు నొచ్చుకునే పని చేసి దానికి ఫ్యాషన్ అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ ఫొటో వెనకాల నిజంగా నొచ్చుకున్న భక్తుడు ఒక్కడైనా ఉంటే నేను కూర్చుని వింటాను. అయితే భాయ్‌కి మా కట్టుబాటు కంటే పెద్ద కట్టుబాటు ఉంది. ఆయన ముఖం మీద కత్తెర వేయడు. దేవుడిదైనా, ఏనుగుదైనా, చిలకదైనా. బట్ట ఎంత వృథా అయినా ముక్కను పక్కకు జరిపి కత్తిరిస్తాడు. 19 ఏళ్లుగా పేలికలు ఎక్కువ పడుతున్నాయని ఆయనతో నేను చాలాసార్లు గొణిగాను, కారణం మాత్రం ఎప్పుడూ అడగలేదు. అది కనిపెట్టింది చిన్నోడు. పేలికల సంచి ముందరేసుకుని ఒక్కోటీ తిప్పి చూశాడు. "అక్కా, దీంట్లో ఒక్క కన్ను కూడా తెగలేదు" అన్నాడు. సంచిలో చేతులున్నాయి, లతలున్నాయి, రథ చక్రాలున్నాయి. ముఖం లేదు.

అమ్మాయి ఈ కథలోకి వచ్చింది జనవరిలో. తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, ముస్లిం కుటుంబం, వారానికి మూడు రోజులు బస్సులో వచ్చి డిజైన్ నేర్చుకునేది. మొదట్లో నెమళ్లు బాగా గీసేది. ఒకరోజు నుంచి నెమళ్లు, చిలకలు మానేసింది. గల్ఫ్‌లో పనిచేసే దగ్గరి బంధువు వీడియోలు పంపుతున్నాడట, ప్రాణమున్న వాటి బొమ్మలు గీయకూడదని. అది ఆమె విశ్వాసమైతే నాకు అభ్యంతరం లేదని చెప్పాను. జీవవృక్షం గీయమన్నాను. ఆ చెట్టు పర్షియా నుంచి మన బట్ట మీదికి వచ్చి ఇక్కడి కొమ్మలు వేసుకున్నదే అంటారు. కానీ వీడియోలు నెమళ్ల దగ్గర ఆగలేదు. తర్వాత ఆమె బయటికి పోయి పనిచేయకూడదన్నారు. తర్వాత ఇంట్లో గోడ మీదున్న వాళ్ల నానీ పెళ్లి ఫొటో తీసేయాలన్నారు. ఫొటోలో నానీ పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, మెడలో లచ్ఛా వేసుకుని ఉంది. నల్లపూసల గొలుసు, మన దగ్గరి ముస్లిం ఇళ్లలో పెళ్లికి కట్టేది. "ఇది మన పద్ధతి కాదు" అన్నాడట ఆ బంధువు. మరి నానీ ఎవరి పద్ధతిలో బతికింది?

చిన్నోడికి కలం మాట పరాయిదైంది. ఈ అమ్మాయి ఇంట్లో నానీ చీర పరాయిదైంది. ఇద్దరికీ ఫోన్లో వచ్చే గొంతులు వేర్వేరు. ఇద్దరినీ అడిగేది మాత్రం ఒకటే: మీ ఇంట్లో పెద్దలు బతికిన తీరును సిగ్గుపడి తీసిపారేయమని.

ఆ అమ్మాయే నాకు కాబూల్ ఫొటోలు చూపించింది. 2021లో తాలిబాన్ మళ్లీ వచ్చాక, సెప్టెంబరులో కాబూల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో తల నుంచి కాళ్ల దాకా నల్లబట్ట కప్పుకున్న ఆడవాళ్లతో సభ పెట్టించారు. దానికి జవాబుగా చరిత్ర టీచరు బహార్ జలాలీ తను ఆకుపచ్చ ఆఫ్ఘన్ గౌను వేసుకున్న ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టి, ఇదీ మా సంస్కృతి అంది. నా బట్టల జోలికి రావద్దు అనే మాటతో దేశదేశాల్లో ఉన్న ఆఫ్ఘన్ స్త్రీలు ఎరుపు, నీలం, అద్దాలు కుట్టిన గౌన్లలో తమ ఫొటోలు పెట్టారు. "వాళ్ల నానీల బట్టలు అక్కా" అంది అమ్మాయి. కాబూల్లో ఉన్నవాళ్ల కష్టం ఆ ఫొటోలతో తీరలేదు. కానీ ఒక పిల్ల శ్రీకాళహస్తిలో కూర్చుని గోడ మీద ఫొటో దింపనని చెప్పడానికి అవి ధైర్యమిచ్చాయి. ఇది నేను చూశాను.

బట్ట మీద కోపం కొత్తదేమీ కాదు. మన కోరమండల్ తీరం నుంచి రంగు బొమ్మల నూలుబట్ట సముద్రాలు దాటినప్పుడు, ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం చేసింది. 1719లో లండన్ వీధుల్లో అక్కడి నేతపనివాళ్లు ఆ బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి ఒంటి మీదే చించేశారు. వాళ్లది మతం గొడవ కాదు, పొట్టకూటి గొడవ. అయినా కోపం తీర్చుకున్నది దారిన పోయే ఆడమనిషి ఒంటి మీద. చిన్నోడికీ అమ్మాయికీ ఇద్దరికీ ఇది చెప్పాను. చిన్నోడు అడిగాడు, "మన బట్టనే?" మన తీరం బట్టే అన్నాను. వాడి ముఖంలో గర్వం, కోపం రెండూ ఒకేసారి చూశాను. పరాయి మాట అన్న కలంతో వేసిన బట్ట వాడికి ఆ నిమిషంలో మనదైంది. నేను ఇంకేమీ అనలేదు.

2024లో మార్చి 8న శివరాత్రి, ఆ తర్వాత నాలుగు రోజులకే రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. ఊళ్లో బ్రహ్మోత్సవాల జనం, మా షెడ్డులో కోట్ల తొందర. ఎండ బాగా ఉంది, రంగులు బాగా పట్టాయి. స్వర్ణముఖిలో నీళ్లు లేక ఊరవతల ఒక రైతు బోరు దగ్గర జాడించాం. అమ్మాయి గీసిన చెట్టు కోట్లకు లోపలి లైనింగ్ అయింది. ఆ ఆలోచన భాయ్‌ది. బయట ఏనుగు, లోపల చెట్టు. వేసుకున్నవాడి ఒంటికి తగిలేది ఆమె కొమ్మ.

లేబుల్ దగ్గర పేచీ వచ్చింది. ప్రతి కోటు లోపల గీసినవాళ్లు, ఉడికించినవాళ్లు, కుట్టినవాళ్ల పేర్లు రాయాలని నా ఆశ. చిన్నోడు తన పేరు వేరే లేబుల్ మీద కావాలన్నాడు. మిగతావాళ్లు ఊరుకోలేదు. నేను సరే అన్నాను. ఒకే బట్టలో ఉండటానికి ఒప్పుకున్నవాణ్ని ఒకే లేబుల్‌లో ఉండమని మెడ వంచితే, అది కూడా బలవంతమే. 18 కోట్లకూ రెండేసి లేబుళ్లు కుట్టాడు భాయ్, ఒకటి మెడ దగ్గర, ఒకటి పక్కన. ఏమీ అనలేదు. ఉపవాసం ఉన్నాడు, ఎండలో గొంతు ఎండిపోయి ఉంది, ఒక్కో లేబుల్‌కీ నాలుగు వైపులా కుట్టు వేశాడు.

ఏప్రిల్ చివర తిరుపతిలో ఒక కాలేజీ హాల్లో ఈ కోట్లు ప్రదర్శించాం. మోడళ్లు లేరు. కాలేజీ పిల్లలు, మా షెడ్డు మనుషులే వేసుకుని నడిచారు. చిన్నోడు తను గీసిన కోటు వేసుకుని భాయ్ గీటు పెట్టిన వీపు అందరికీ కనిపించేలా వెనక్కి తిరిగాడు. వాళ్లమ్మ ముందు వరసలో కూర్చుంది. అమ్మాయి రాలేదు. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆమె కోటు ఇంకో పిల్ల వేసుకుంది. 18లో 13 అమ్ముడయ్యాయి. ఆర్డరు రద్దు చేసిన షాపు ఆయన మళ్లీ రాలేదు, నేనూ అడగలేదు. ఆ నష్టం నష్టంగానే ఉంది.

ఇప్పుడు ఎవరెక్కడ ఉన్నారో చెప్పాలి. అమ్మాయి షెడ్డుకు రావడం లేదు. బొమ్మలు ఇంటి దగ్గరే గీసి తమ్ముడితో పంపుతోంది. నానీ ఫొటో గోడ మీదే ఉంది. నెమళ్లు మాత్రం గీయడం లేదు, నేను అడగను. చిన్నోడు రెండు గ్రూపుల్లోంచి బయటికి వచ్చాడు, ఒకదాంట్లో ఇంకా ఉన్నాడు. రాత్రి ఫోన్ చేసే ఆ అన్నతో మాట్లాడుతున్నాడో లేదో నాకు తెలియదు. కొన్ని మాటలు ఇప్పటికీ వాడి నోట్లో వస్తాయి, విన్నప్పుడు నాకు బాధేస్తుంది. మధ్యాహ్నం లోపలే తింటున్నాడు. నేను రోజూ వాణ్ని తిన్నావా అని అడుగుతున్నాను.

ఇలాంటిది ఇంకొకరి షెడ్డులో జరిగితే నేను చెప్పేది పని గురించే. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఎవరి పని అవ్వాలంటే ఎవర్ని అడగాలి, అది మార్చండి. 1957లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఈ ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ పని చచ్చిపోయేదని మా పెద్దలు చెబుతారు. అక్కడ కూడా నేర్పింది పిల్లల్ని గురువు పక్కన ఏళ్ల తరబడి కూర్చోబెట్టే. స్క్రీన్ ప్రింటు బట్ట ఒక పూటలో వస్తుంది, ధర తక్కువ, కలంకారీ పేరుతోనే అమ్ముతారు. ఆ తొందర మా పనిలో లేదు. ఒక కోటు వీపుకి రంగులన్నీ పడేసరికి 20కి పైగా దశలు, ఎండ కుదరకపోతే ఇంకా ఆలస్యం. మనుషుల మధ్య మాట మొదలవడానికి మాకు మూడు వారాలు పట్టింది. అన్నాళ్లు ఇద్దర్ని ఒకచోట కూర్చోబెట్టే పని చేతిపని తప్ప నాకింకోటి తెలియదు.

పోయిన నెల భాయ్ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. పది రోజులు రావద్దన్నాం. ఒక పెళ్లివాళ్లకు కోట్లు రెండు తొందరగా కావాలంటే చిన్నోడు తనే కత్తిరిస్తానన్నాడు. ఆయన్ని చూసి చూసి కత్తెర పట్టడం కొంత వచ్చింది. సాయంత్రం చూస్తే ఒక ముక్క మడిచి, పైన పాత చీరగుడ్డ చుట్టి, అలమర వెనక పెడుతున్నాడు. ఏందని అడిగితే విప్పి చూపించాడు. చంక వంపు దగ్గర కత్తెర ఏనుగు కన్ను మీదుగా పోయింది. సన్నగా, గోరంత.

"కుట్టులోకి పోతుందిలే, కనపడదు. పెళ్లివాళ్లకు ఇచ్చేద్దాం" అన్నాను.

"వద్దక్కా," అన్నాడు, మళ్లీ గుడ్డ చుడతా. "భాయ్ రానీ. ముందు ఆయనకి చూపించాల."